ఎడమ చెయ్యి

సిఫార్సు ఉత్తరం అడగడానికి వచ్చినవాళ్ళకి ఇరవై రెండేళ్ళుగా నేను ఒకే మాట చెబుతున్నాను. "నువ్వే రాసుకురా, సంతకం పెడతాను." చోడవరంలో నేను పనిచేసే బీఎడ్ కాలేజీలో అందరూ చేసేది అదే. పిల్లలు తమని తాము పొగుడుకుని, టైపు చేయించుకుని తెస్తారు. మనిషి తనని తాను పొగుడుకున్నంత బాగా ఇంకొకళ్ళు పొగడలేరు గదా. నేను కళ్ళజోడు కోసం కూడా వెతుక్కోకుండా సంతకం గీకి, 'లక్ష్మీసుందరి, వైస్ ప్రిన్సిపాల్' అన్న ముద్ర కొట్టి పంపించేస్తాను.

ఇఫ్రాకీ అదే చెప్పాను. రెండేళ్ళ కిందట మా దగ్గర బీఎడ్ పూర్తి చేసిన పిల్ల. వాళ్ళ నాన్న అల్లాఉద్దీన్ గారికి అనకాపల్లిలో కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఉంది. ఈ అమ్మాయి ఇప్పుడు బుచ్చయ్యపేట రోడ్డులో ఒక ప్రైవేటు బళ్ళో ఆరో తరగతికి లెక్కలు చెబుతోంది. బెంగళూరులో ఒక విశ్వవిద్యాలయంలో ఎంఏ ఎడ్యుకేషన్‌కి దరఖాస్తు పెడుతున్నానని, చదువు చెప్పినవాళ్ళ ఉత్తరం ఒకటి కావాలని జనవరి ఆఖర్లో వచ్చింది. ఉత్తరమంటే మామూలు ఉత్తరం కాదు. వాళ్ళు నా మెయిలుకి లింకు పంపిస్తారట, అందులో ప్రశ్నలుంటాయట, ఒక్కోదానికీ నేను జవాబు రాయాలట. నాకు చిరాకేసింది. ప్రింటు తీసి నింపుకురా, నేను చూసి ఎక్కిస్తాను అన్నాను.

నాలుగు రోజులకి తెచ్చింది. అన్నీ పొందిగ్గా నింపి ఉన్నాయి. రెండు గళ్ళు మాత్రం ఖాళీ.

"ఇవి వదిలేసేవేటమ్మా?"

"అవి మీరు సూసింది రాయాలంట మేడమ్. మీరేం సూసేరో నాకు తెలీదు కదండీ."

కళ్ళజోడు పెట్టుకున్నాను. మొదటి గడిలో, అభ్యర్థి చెప్పిన పాఠాలు మీరు స్వయంగా ఎన్ని చూశారు అని ఉంది. రెండోదాంట్లో, వాటిలో ఒక పాఠంలో ఏం జరిగిందో రాయండి అని.

"నలభై అని రాసేయ్. నీ రికార్డులో నలభై పాఠాలున్నాయి, నలభై చోట్లా నా సంతకం ఉంది."

"మరి రెండోదానికండి?"

లేచి బీరువా తీసి, ఆ ఏడాది రికార్డుల కట్టలోంచి ఆమెది లాగాను. దుమ్ముకి ఇద్దరం తుమ్మాం. పదిహేడో పాఠం భిన్నాలు. కింద నా ఎర్ర సిరా: 'బోర్డు మీద చేతిరాత చక్కగా ఉంది. పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు.'

"ఇదిగో. ఇదే ఎక్కించు."

ఇఫ్రా ఆ పేజీని చాలాసేపు చూసింది. "ఈ రాత నాది కాదు మేడమ్. డబ్బులకి రికార్డులు రాసిపెట్టే ఆవిడది."

"నేను రాసింది బోర్డు మీద రాత గురించి."

"ఆ బోర్డు ఎక్కడుందండి?"

వెటకారంగా అడిగి ఉంటే చెంప వాయించినట్టు జవాబు చెప్పేదాన్ని. వెటకారం కాదు. నిజంగానే అడిగింది. అందుకే నాకు కోపం వచ్చింది.

మా కాలేజీ సంగతి కాస్త చెప్పాలి. ఇక్కడ చదివేవాళ్ళు రెండు రకాలు, వచ్చేవాళ్ళూ, రానివాళ్ళూ. రానివాళ్ళే ఎక్కువ. పరీక్షలకీ, ఫైనల్ ప్రాక్టికల్స్‌కీ వస్తారు. బళ్ళోకి వెళ్ళి పిల్లలకి చెప్పాల్సిన పాఠాలు రికార్డులో చెబుతారు. అవి నేను రికార్డులోనే చూస్తాను. ఆ రెండేళ్ళూ ఇఫ్రా వాళ్ళ నాన్న దుకాణంలో కూర్చుంది. మొత్తం మీద నేను ఆ అమ్మాయి మొహం చూసింది ఆరేడు రోజులు. ఇది రహస్యమేం కాదు. ఊరందరికీ తెలుసు, చేరేవాళ్ళకీ తెలుసు, తెలిసే చేరతారు.

ఇంకో సంగతి కూడా ఉంది, దాచడమెందుకు. స్టాఫు ఏడాదికి తలా ఐదుగురిని చేర్పించాలని మా కరస్పాండెంటు రామచంద్రమూర్తి గారి నియమం. ఈ ఏడాది మాకు కొత్తగా ఎంఎడ్ కూడా వచ్చింది. నాకు నలుగురే దొరికారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఐదో పేరు ఇఫ్రాదని అడక్కుండానే పట్టికలో రాసేశాను.

అందుకని కోపం మింగి, గొంతు మెత్తగా చేసుకున్నాను. "అంత దూరం ఎందుకే తల్లీ. ఇక్కడే ఎంఎడ్ చేరు. ఉద్యోగం మానక్కర్లేదు. కాలేజీకి రానే అక్కర్లేదు."

"అదేనండి నా భయం," అంది.

సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసింది. మూడు చోట్లకి తనే ఫోను చేసి, అందరినీ ఒకటే ప్రశ్న అడిగిందట. పిల్లలుండే బడికి మమ్మల్ని ఎన్ని రోజులు పంపిస్తారు? దూరవిద్యవాళ్ళు ఫైలు పంపితే చాలన్నారు. బెంగళూరువాళ్ళు వారానికో రోజు, చివర్లో రెండు నెలలు అన్నారు. మూడో జవాబు మా కాలేజీది. 'అక్కర్లేదు' అని ఒక్క ముక్క, పక్కన చెప్పినాయన పేరుతో సహా రాసుకుంది. ఫీజూ, హాస్టలూ, ఉద్యోగం గ్యారంటీ గురించి కాకుండా కాలేజీని ఇలా ఎంచుకునే మనిషిని నేను ముందెప్పుడూ చూడలేదు.

"ఎందుకే ఇంత పట్టుదల?"

"బీఎడ్ సదివేనని సెప్తే మా హెడ్మాస్టారు వెనకబడ్డ పిల్లలందర్నీ నాకే ఇచ్చేరు మేడమ్. నీకు ట్రైనింగయ్యింది, నువ్వు సెప్పగలవు అన్నారు. మొదటి రోజు బోర్డు ముందు నిలబడితే నాకు ఏటి సెయ్యాలో తెలీలేదు. వాళ్ళు నన్ను సూస్తన్నారు, నేను వాళ్ళని సూస్తన్నాను. సర్టిఫికెట్టు ఉంది కదా, ఎవుర్ని అడుగుతానండి?"

ఆ సర్టిఫికెట్టు కింద ఉన్న సంతకాల్లో నాదీ ఒకటి.

"ఒక్కసారి మా బడికొచ్చి సూడండి మేడమ్," అంది వెళ్తూ. "బాగుందని రాయక్కర్లేదు. సూసేనని రాస్తే సాలు. ఆఖరు తేదీకి ఇంకా ఎనిమిది రోజులుంది. ఆ ఉత్తరం లేకపోతే దరఖాస్తు తీసుకోరంట."

"చూద్దాంలే," అన్నాను. చూద్దాంలే అంటే కుదరదని అర్థం. ఆ మాత్రం ఆ అమ్మాయికి తెలియకపోదు. అయినా శుక్రవారం సాయంత్రం ఫోనుకి మెసేజి వచ్చింది. 'రేపు మూడో పీరియడ్ మేడమ్. పదీ నలభైకి.'

శనివారం ఎందుకు బయల్దేరానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ బోర్డు ఎక్కడుందో చూద్దామని అనుకుంటాను. రోడ్డంతా చెరకు ట్రాక్టర్లు. ఆటో ఒక్కో ట్రాక్టరు వెనకా నిలబడిపోతుంటే, ఆలస్యమైతే ఇటునుంచి ఇటే వెనక్కి పోవచ్చని ఒక పక్క ఆశగా కూడా ఉంది. ఆలస్యం కాలేదు.

హెడ్మాస్టారు ముందు వరసలో కుర్చీ వేయించాడు. వద్దని చివరి బెంచీలో కూర్చున్నాను. పక్కన రెండు జడల పిల్ల భయంగా కాస్త పక్కకి జరిగింది. పేరడిగితే చిన్నమ్మి అని చెప్పింది, నా వైపు చూడకుండా.

ఇఫ్రా నన్ను చూసి కట్టెలా బిగుసుకుపోయింది. 'నిన్న మనం ఏం నేర్చుకున్నాం?' అని రికార్డులో ఉన్నట్టే మొదలుపెట్టింది. గొంతు కూడా ఆమెది కాదు. బల్లమీద తొమ్మిది కణుపుల చెరకు గడ ఒకటి, బట్టలు కొలిచే టేపు ఒకటి ఉన్నాయి. "మూడో వంతు అంటే ఏమిటో ఎవరు చెబుతారు?" అంది.

క్లాసు మొత్తం ఒక్కసారి చేతులెత్తింది. నలభై ఇద్దరు పిల్లలు, నలభై రెండు చేతులు. చూడముచ్చటగా ఉంది. ఇంతలో నా పక్కన చిన్నమ్మి ఎత్తింది ఎడమ చెయ్యని గమనించాను. ముందు బెంచీలో ఇద్దరివి ఎడమ. గుమ్మం పక్కన వరసలో సగం ఎడమ.

ఆ విద్య ఎక్కడిదో నాకు వెంటనే తెలిసింది. అది నాది. ఏటా ఫైనల్ ప్రాక్టికల్స్ ముందు రోజు నేను చెప్పే చిట్కా. బయటివాళ్ళు చూడ్డానికి వచ్చినప్పుడు పిల్లలందరిచేతా చేతులెత్తించండి, జవాబు తెలిసినవాళ్ళు కుడి, తెలియనివాళ్ళు ఎడమ, మీరు కుడిచేతివాళ్ళనే లేపండి. అది చెప్పినప్పుడల్లా హాలంతా నవ్వులే. కాలేజీకి రానివాళ్ళకి కూడా తప్పకుండా అందే పాఠం మా దగ్గర అదొక్కటే.

ఇఫ్రా చేతులన్నీ చూసింది. నన్ను చూసింది. తర్వాత, "చిన్నమ్మీ, నువ్వు సెప్పమ్మా," అంది. ఈసారి గొంతు ఆమెదే.

చిన్నమ్మి అదిరిపోయి లేచింది. "నాను ఎడం సెయ్యెత్తేనండి."

క్లాసు గొల్లుమంది.

"సూసేనమ్మా. అందుకే పిలిసేను. రా, టేపుతో కొలిసి ఈ చెరకుగడలో మూడో వంతు ఎంతో సూపించు."

ఆ పిల్ల బల్ల దగ్గరికెళ్ళి, టేపు ముట్టుకోకుండా, మొదలు నుంచి మూడు కణుపులు లెక్కపెట్టి అక్కడ వేలు పెట్టింది. ఇఫ్రాకి చురుక్కుమన్నట్టుంది. "తప్పు. టేపుతో కొలవమన్నాను కదా, వినపడదా?" అని కసిరింది. పిల్ల తల దించుకుంది. నేను మనసులో అనుకున్నాను, అయిపోయింది, ఇక ఈ పిల్ల ఏడాదంతా నోరు విప్పదు. చిన్నప్పుడు మా బళ్ళో నాకూ ఇలాగే అయింది.

చిన్నమ్మి తలొంచుకునే ఏదో గొణిగింది.

ఇఫ్రా ఆ గొణుగుడు వదిలెయ్యలేదు. వంగి, "ఏటన్నావు?" అంది.

"మా ఇంట్లో ఇలాగే పంచుతారండి. మొదట్లో కణుపులు పొట్టివండి, గానీ తీపెక్కువండి. పైవి పొడుగండి, గానీ సప్పగుంటాయండి. కణుపులు లెక్కెట్టి పంచితే ఎవులూ ఏడవరండి."

ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో మా పుస్తకాల్లో ఉంది. విద్యార్థి అభిప్రాయాన్ని ప్రశంసించి తదుపరి సోపానానికి వెళ్ళవలెను. ఇఫ్రా ఎక్కడికీ వెళ్ళలేదు. బల్ల అంచున కూలబడింది. "ఇది నాకు తెలీదు," అంది పిల్లలందరితో. "నిన్ను కసిరేను, తప్పు నాదే. టేపుతో కొలిస్తే పొడుగు సమానం అవుతాది. మరి చిన్నమ్మి ఇంట్లో ఏటి సమానం సేస్తన్నారు?"

తీపి అన్నాడొకడు. తీపిని ఎలా కొలుస్తారని ఇంకొకడు. కాదు, ఏడుపు సమానం అని ఒక పిల్ల. మూడో వంతు ఎప్పుడూ ఒకేలా ఉండదా, ముందు దేన్ని పంచుతున్నామో చెప్పాలా అని ముందు బెంచీవాడు నిలదీశాడు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎవరు ఏ చెయ్యి ఎత్తాలో ఎవరికీ గుర్తు లేదు. బడిపిల్లలకి ఒక్క పాఠమూ చెప్పకుండానే ఇరవై రెండేళ్ళుగా గణిత బోధన పద్ధతులు చెబుతున్నదాన్ని నేను. ఆ చివరి బెంచీలో నా మెడ ముందుకి సాగిపోయిందని గంట కొట్టాక గాని తెలియలేదు.

పాఠం మాత్రం పూర్తికాలేదు. బోర్డు మీద ఒక్క లెక్కా పడలేదు.

బయట వరండాలో ఇఫ్రా మొహం తుడుచుకుంటూ నిలబడింది. "పాఠం అవలేదు మేడమ్."

"అవలేదు. పైగా ఆ కిటికీ పక్క వరసని నువ్వు ఒక్కసారి కూడా చూడలేదు. అక్కడ ఇద్దరు గుంటలు గంటంతా బొమ్మలేసుకున్నారు."

ఆ అమ్మాయి సంచిలోంచి నోటుపుస్తకం తీసి 'కిటికీ వరస' అని రాసుకుంది. ఇన్ని వేల సంతకాలు పెట్టాను, ఒక పాఠం గురించి నేనన్న మాట ఒకళ్ళు రాసుకోవడం అదే మొదలు. ఎందుకంటే చూసి అన్న మాట అదే మొదలు.

"ఎడం చెయ్యెత్తిన పిల్లని ఎందుకు లేపేవు? నా ముందు పరువు పోదూ?"

"పోయిన నెల్లో ఆఫీసరుగారొచ్చినప్పుడు నేనే నేర్పేను మేడమ్, ఆ సేతుల యవ్వారం. ఈరోజు వద్దని సెప్పడం మర్చిపోయేను. కుడిసేతివాళ్ళని లేపుదామనే అనుకున్నాను గానీ..." నోటుపుస్తకం సంచిలో పెట్టుకుంది. "మీరు సూడ్డానికని వచ్చేరు కదండీ."

సోమవారం కాలేజీలో ఆ లింకు తెరిచాను. మొదటి గడిలో నా వేళ్ళు వాటంతటవే నలభై కొట్టేశాయి. అలవాటు. దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఒకటి అని రాస్తే, మరి ఆ నలభై సంతకాలేమిటని ఎవరైనా అడగొచ్చు. ప్రిన్సిపాలుకి ఉత్తరం రావచ్చు. నా ఉద్యోగం సంగతి సరే, ఆ పిల్ల డిగ్రీ నిలబడింది కూడా ఆ నలభై మీదే. నలభై అని రాస్తే ఎవరూ ఏమీ అడగరు. ఆ పిల్లకి సీటొస్తుంది, వెళ్ళిపోతుంది, బెంగళూరులో ఎవరో నలుగురు ఇలాంటి ఉత్తరాలు చదివి పక్కన పెడతారు. నాకు భయం వేసింది. నిజంగా భయమే. ఇఫ్రాకి ఫోను చేశాను.

అంతా చెప్పాను. అవతల కుట్టుమిషను ఎవరో తొక్కి చూస్తున్న చప్పుడు. ఆ రోజు సెలవు పెట్టి దుకాణంలో ఉన్నట్టుంది.

"ఒకటి అని రాస్తే నీ సీటే పోవచ్చునే. ఆలోచించుకో."

మిషను చప్పుడు ఆగింది. "నలభై అని రాస్తే మీరు వచ్చింది కూడా అబద్ధమైపోద్ది మేడమ్," అంది.

నలభై చెరిపి ఒకటి కొట్టాను. రెండో గడిలో చెరకుగడ సంగతి రాశాను, కసిరిన సంగతి రాశాను, కిటికీ వరస సంగతి రాశాను. ఎడమ చెయ్యి గురించి రాసి, ఆ విద్య నేర్పింది నేనేనని కూడా రాశాను. పంపించు అన్నచోట నొక్కేశాను. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగాను.

ఆ వారంలోనే అడ్మిషన్ల సమావేశం. రామచంద్రమూర్తి గారు పట్టిక చూసి, "ఐదో పేరు కొట్టేసేరేటండి?" అన్నారు.

"ఆ అమ్మాయికి క్లాసులకి వెళ్ళి చదువుకోవాలని ఉందటండి."

ఆయన అది హాస్యమనుకుని పడీపడీ నవ్వారు. స్టాఫంతా నవ్వారు.

ఏప్రిల్లో ఇఫ్రా మాడుగుల హల్వా పెట్టె పట్టుకుని వచ్చింది. సీటొచ్చిందని గుమ్మంలోనే తెలిసిపోయింది. అయినా కూర్చోబెట్టి మొత్తం చెప్పించుకున్నాను. ఇంటర్వ్యూలో ముగ్గురట. ఒకావిడ నా జవాబులు ముందు పెట్టుకుని, మీ బీఎడ్ రెండేళ్ళలో మీ మేడమ్ ఒక్క పాఠమైనా చూడలేదా, ఈ ఒక్కటీ చదువయ్యాక చూసిందేనా అని అడిగిందట.

"నువ్వేమన్నావు?"

"అవునండి అన్నాను. అలాంటప్పుడు మళ్ళీ ఇదే చదువు ఎందుకు చదవాలనుకుంటున్నారు అన్నారు. అందుకేనండి అన్నాను."

నాకు సంతోషం కలిగింది. ఆ వెనకే సిగ్గూ కలిగింది, రెండూ ఒకే హల్వా ముక్కతో గొంతులోకి దిగాయి. వెళ్తూ వెళ్తూ ఆ అమ్మాయి నా కాళ్ళకి దండం పెట్టబోతే గట్టిగా కసిరాను. అంతకన్నా ఏం చెయ్యాలో తెలియలేదు.

మర్నాటి నుంచి ఈ ఏడాదివాళ్ళకి ఫైనల్ ప్రాక్టికల్స్. ఆ సాయంత్రం హాల్లో అరవై మంది కూర్చున్నారు, సగం మొహాలు నేనెప్పుడూ చూడనివి. పోయినేడాదివాళ్ళు చెప్పి ఉంటారు, నా చిట్కా కోసం ముందే నవ్వు మొహాలు పెట్టుకుని ఉన్నారు. వాళ్ళ రికార్డులు నా బల్ల మీద గుట్టగా ఉన్నాయి. ఎర్ర సిరా పెన్ను మూత ఇంకా తియ్యలేదు.

"ఒక్క పాఠమైనా పిల్లల ముందు నిలబడి చెప్పినవాళ్ళు కుడి చెయ్యెత్తండి," అన్నాను. "చెప్పనివాళ్ళు ఎడమ చెయ్యి. రేపు ఆ ఎడమచేతివాళ్ళతోనే మొదలుపెడదాం. నేను వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాను."

నవ్వులు ఆగిపోయాయి. ఎవరూ కదల్లేదు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు.

నా ఎడమ చెయ్యి నేనే ముందు ఎత్తాను.